ఆ హారన్ కొట్టింది నేనే

టూర్ బస్సులో డ్రైవరు పక్కన, జనం వైపు తిరిగి నిలబడి, మైకు పట్టుకుని మాట్లాడే మనిషిని మీరు చూసే ఉంటారు. పాతికేళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం అదే. మద్రాసు టి. నగర్‌లో ఒక మేడ మీద మా ప్రయాణాల కంపెనీ ఆఫీసు. వారంలో ఐదు రోజులు అక్కడ కూర్చుని టికెట్లు రాయడం, శని ఆదివారాలు బస్సెక్కి తమిళం, తెలుగు, నాకొచ్చినంత ఇంగ్లీషు కలిపి గుళ్ళ గురించీ కోటల గురించీ చెప్పడం. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడూ నన్ను పిలిచి అనుభవాలు చెప్పమంటారు. నేను నవ్వించేవే ఏరి చెబుతాను. వేరే కంపెనీ బస్సెక్కి రామేశ్వరం పోయిన కొత్త పెళ్ళికొడుకు కథ చెబితే కడుపు పట్టుకుని నవ్వుతారు. పక్షుల చెరువు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉంటే నేను మంచి గైడునే. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది చింతాద్రిపేట. మూడు తరాలుగా అక్కడే. కూవం నది పక్కన పుట్టి పెరిగినదాన్ని; మనుషులు నీళ్ళను ఏం చేయగలరో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ముక్కుతోనే నేర్చుకున్న చదువు అది. ఆ చదువు అవసరమైన రోజున పనికి రాలేదు.

మద్రాసుకు చెన్నై అన్న పేరు ఇంకా రాని రోజులు. ఒక జనవరిలో కంచి గుళ్ళు చూపించి తిరిగి వస్తున్నాం. మెయిన్ రోడ్డులో ఏదో ఊరేగింపు అడ్డం ఉందని మా డ్రైవరు పల్లెల మీదుగా అడ్డదారి పట్టాడు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. అంతకుముందు అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. హారన్ కొట్టకుండా మౌంట్ రోడ్డు దాటగలనని ఆయనకో గర్వం. దారిలో రేడియేటరు వేడెక్కింది. ఒక చెరువు కట్ట కింద బస్సు ఆపి, డబ్బా పట్టుకుని కట్ట ఎక్కాడు. పావుగంటైనా రాలేదు. చివరికి కట్ట మీద కనిపించి, నోరు మెదపకుండా చేత్తో రమ్మని పిలిచాడు.

ఎక్కి చూశాం. చెరువు మధ్య నీళ్ళలో తుమ్మచెట్లు. వాటి మీద ఆకు కనిపించడం లేదు, అన్నీ కొంగలే. తెల్లవి, బూడిదరంగువి, తెడ్డుమూతివి, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. కొమ్మకు కొమ్మకు గూళ్ళు. వందల పక్షులు ఒకేసారి గొణుగుతుంటే పెళ్ళింట్లో పక్కగదిలో ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుంది. నా వెనక ఉన్న ముప్పైమంది కెమెరాలు తీయడం కూడా మరిచిపోయారు.

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన వేలు పెదవుల మీద పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆ ఊరి చెరువు నీళ్ళు చూసుకునే మనిషి ఆయనే. తూము తెరవడం, పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదలడం ఆయన పని. మాటలో మా ఇంటి తెలుగే వినిపించింది. ఆ ఊళ్ళో చాలామంది వందల ఏళ్ళ కిందట వచ్చి సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళేనట.

"ఈడనే నిలబడండమ్మణ్ణీ. ఇంకొక అడుగు ముందుకెయ్యొద్దు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎప్పటినుంచి వస్తున్నాయి పెద్దనాయనా ఇవి?"

"మా తాతకే తెలీదు. ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే మాదిరి వస్తాయి. ఈడ కానుపు చేసుకుంటాయి, పిల్లకాయలకు రెక్కలొచ్చినాక తీసకపోతాయి. వీటి రెట్ట కలిసిన నీళ్ళు మా పైరుకు పారతాయి. ఊరికే పెట్టుకోలేదమ్మా, అవి మాకు పెడతా ఉండాయి, మేం వాటికి పెడతా ఉండాం."

తిరుగు ప్రయాణంలో నేను మైకు ముట్టుకోలేదు. ఎవరూ పాటలు పెట్టమని అడగలేదు. అంత మంచి టూరు నా సర్వీసులో మరొకటి లేదు. అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున్నే మా యజమానికి చెప్పాను. ఒక్క వ్యాన్‌తో మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి, చెడ్డవాడు కాడు. వింటూనే కుర్చీలోంచి లేచాడు. "ఏమ్మా, మహాబలిపురం అందరూ చూపిస్తా ఉండారు. ఇది ఎవరికీ తెలీని స్పాటు. నువ్వే రాయి, పేపరుకిద్దాం." నేనే రాశాను. "నగరానికి ఇంత దగ్గర్లో, ఇంతవరకు ఎవరూ చూడని పక్షుల లోకం" అని తమిళంలో పెట్టాను. మా తాతకే తెలీదు అని పెద్దాయన చెప్పిన చోటుని ఎవరూ చూడనిదని రాశాను. రాసేటప్పుడు నాకు ఆ తేడా తట్టనే లేదు.

డిసెంబరులో టూర్లు మొదలయ్యాయి. ముందుగా వెళ్ళి పెద్దాయనతో మాట్లాడాను. ఊరివాళ్ళు కూర్చుని ఆలోచించి సరేనన్నారు. ఆయన మాత్రం మూడు మాటలు అడిగాడు. బస్సు కట్ట దగ్గరికి తేవద్దు, చప్పుడు చేయవద్దు, తిన్న పొట్లాలూ మిగిలిన అన్నమూ అక్కడ పడేయవద్దు. "ఇంతే గదా," అన్నాను. నాలుగైదు ఆదివారాలు మాట నిలబెట్టుకున్నాను కూడా. బస్సు దూరంగా ఆపించి, జనాన్ని వరసగా నడిపించి, చెత్తంతా గోనెసంచిలో నేనే ఎత్తించేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళు మజ్జిగ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునేవాళ్ళు. అందరూ సంతోషంగానే ఉన్నారు.

కానీ టూరు అయ్యాక బస్సులో అభిప్రాయాలు రాయమని మేం చీటీలు ఇచ్చేవాళ్ళం. వాటిలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించసాగింది. పక్షులు కూర్చునే ఉన్నాయి, ఎగరలేదు, ఫొటో బాగా రాలేదు, ఎండలో నిలబెట్టారు. మా యజమాని ఆ చీటీలు నా బల్ల మీద పెట్టి, "చూడు, వాళ్ళకు కొంచెం ఏదన్నా జరగాలమ్మా," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. తప్పు ఆయన మీదికి తోసే అవకాశం నాకు లేదు.

తరువాతి ఆదివారం జనం కట్ట మీద అరగంట నిలబడి ఆవలింతలు మొదలుపెట్టారు. నేను బస్సు దగ్గరికి నడిచి వచ్చి డ్రైవరుతో, "అన్నా, ఒక్క తూరి హారన్ కొట్టు. ఇంకా గుడ్లు పెట్టలేదంట, ఏం కాదు," అన్నాను.

"నేను కొట్టను చెల్లెమ్మా. ఆ మనిషికి మాటిచ్చినావు గదా."

"ఒక్కసారేగా!"

"ఒక్కసారి అనేది ఏదీ ఉండదు," అన్నాడు ఆయన, చేతులు కట్టుకుని.

నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి నొక్కాను. ఎయిర్ హారన్. చెరువంతా ఒక్కసారిగా లేచింది. ఆకాశం తెల్లబడిపోయింది. కట్ట మీద జనం కేకలు, చప్పట్లు, కెమెరాల టకటకలు. పక్షులు రెండు మూడు చుట్లు తిరిగి పది నిమిషాల్లో మళ్ళీ చెట్ల మీద వాలాయి. "చూశావా అన్నా, ఏమైంది?" అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆకాశాన్ని నేనే లేపినట్టు.

పెద్దాయన వచ్చి అడిగితే, పొరపాటున మోగిందన్నాను. నమ్మాడు.

మరుసటి ఏడాదికి ఆ చోటు మద్రాసులో అందరికీ తెలిసిపోయింది. ఆదివారం వస్తే ఆరేడు కంపెనీల బస్సులు, కార్లు, స్కూటర్లు. అందరూ కట్ట కిందిదాకా వచ్చేసేవారు. హారన్ కొట్టడం ఒక ఆనవాయితీ అయిపోయింది. చెరువు దగ్గరికి పోతే హారన్ కొట్టించుకోవాలని జనమే అడిగేవాళ్ళు. అది ఎవరు మొదలుపెట్టారో తెలిసిన మనుషులు ఇద్దరమే, నేనూ డ్రైవరూ. పులిహోర పొట్లాలు, పెరుగన్నం ఆకులు కట్ట వెంట గుట్టలుగా పడేవి. నా గోనెసంచి ఒకటి ఏమూలకు చాలుతుంది? ఎత్తడం మానేశాను. ఆ అన్నం మెతుకుల కోసం కాకులు వచ్చాయి. అంతకుముందు ఆ ఊళ్ళో కాకులు అంతగా లేవట. నేను కాకుల్ని చూశాను, చూసి ఏమీ అనుకోలేదు. మద్రాసు మనిషికి కాకి కొత్తా?

ఇక ఆ రోజు. ఫిబ్రవరి నెల, ఆదివారం. టి. నగర్‌లో ఒక పెద్ద చీరల కొట్టువాళ్ళు తమ దగ్గర పనిచేసే అమ్మాయిల కోసం మా బస్సులు రెండు మాట్లాడారు. ఏడాదికి ఒక్కరోజు వాళ్ళకు ఇలా విహారం. పొద్దున కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా నిలబడే ఉండే అమ్మాయిలు. కూర్చోవడానికి వీల్లేదు, బల్లకు ఆనుకోవడానికి వీల్లేదు. ఆ రోజు మాత్రం పూలు పెట్టుకుని, బస్సులో ఒకటే పాటలు.

మా బస్సులే అందరికంటే ముందు చేరాయి. పెద్దాయన దారిలోనే ఎదురు వచ్చాడు. ఆ ఏడాది ఆయన బాగా చిక్కిపోయాడు. ఆదివారాలు కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ, దండాలు పెట్టి బతిమాలుకోవడమే ఆయన పనైపోయింది.

"అమ్మణ్ణీ, ఈ వారమే గుడ్లు పగిలి పిల్లలు లేచినాయి. వొంటి మీద ఈకె లేదు. తల్లి లేస్తే ఎండకు తట్టుకోవు. మిగతావాళ్ళు నా మాట వినరు. నువ్వు మొదట వచ్చినదానివి, నువ్వు చెప్తే వింటారు. ఈ దినం ఒక్కటి వొద్దని చెప్పు తల్లీ."

"చెబుతాను పెద్దనాయనా," అన్నాను. చెప్పాను కూడా. అమ్మాయిలు చెప్పిన మాట విని, బుద్ధిగా చెప్పులు చేత్తో పట్టుకుని కట్ట ఎక్కారు. గంట సేపు గడిచింది. ఈలోగా మిగతా బస్సులు వచ్చాయి. ఆ గైడ్లకు కూడా నేను చెప్పాను. అప్పటికి అందరూ ఊరుకున్నారు.

అప్పుడు ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కాళ్ళకు నరాలు అప్పుడే ఉబ్బి ఉన్నాయి. "అక్కా, మా కొట్టుకు వచ్చిన వాళ్ళొకరు చెప్పారు, ఇవి ఒక్కసారిగా ఎగిరితే ఆకాశమే కనపడదంట కదా. మళ్ళీ ఏడాది దాకా మేం గోడల్నే చూస్తాం. ఒక్కసారి చూపించరా?" అని తమిళంలో అడిగింది. వెనకాల మరో పదిమంది, అదే ఆశతో నా ముఖం చూస్తున్నారు.

విసిగించే పెద్దమనిషి ఎవరైనా అడిగి ఉంటే కుదరదని ఉండేదాన్ని. ఆ అమ్మాయికి కాదనలేకపోయాను. ఇన్నేళ్ళలో దీన్ని నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను: జాలిపడ్డాను, మనసు కరిగింది అని. కానీ ఆ గొప్ప కూడా మళ్ళీ కావాలనిపించింది నాకు. అది ఒప్పుకోకపోతే ఈ రాత దండగ.

డ్రైవరు దూరంగా చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను బస్సెక్కి ఆయన సీట్లో కూర్చుని హారన్ నొక్కాను.

లేచాయి. అమ్మాయిలు చేతులు పైకెత్తి కేరింతలు కొట్టారు. అంతలో పక్క బస్సు హారన్, దాని వెనక ఇంకొకటి, ఆపైన అన్నీ. నేను వద్దన్నానని ఆగినవాళ్ళు, నేనే కొట్టాక ఎందుకు ఆగుతారు? నేను కిందికి దిగి చేతులూపుతూ పరిగెత్తాను. ఎవరూ నన్ను చూడలేదు. అందరి తలలూ ఆకాశం వైపే.

పక్షులు ఈసారి దిగలేదు. దిగబోవడం, మళ్ళీ హారన్, మళ్ళీ లేవడం. అప్పుడు కాకులు వచ్చాయి. ఆకుల గుట్టల మీద ఉన్నవి ఉన్నట్టుగా లేచి చెట్ల మీదికి పోయాయి. మొదట అవేం చేస్తున్నాయో అమ్మాయిలకు అర్థం కాలేదు. తరువాత ఒక కాకి మా తలల మీదుగానే పోయింది. దాని ముక్కున ఎర్రటిది, చిన్నది, ఇంకా కదులుతోంది.

కేరింతలు ఆగిపోయాయి. ఎగిరించమని అడిగిన అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆపండక్కా, వాటిని ఆపండక్కా," అని ఏడవడం మొదలుపెట్టింది.

పెద్దాయన అప్పటికే నీళ్ళలో దిగాడు. నడుము లోతు, తరువాత ఛాతీ లోతు. తలగుడ్డ విప్పి, చెట్ల కింద నిలబడి, కాకుల మీదికి అటూ ఇటూ విసురుతున్నాడు. నోట ఒక్క మాట లేదు. అరిస్తే తల్లిపక్షులు ఇంకా బెదురుతాయని అరవలేదు. అంతమంది మనుషుల్లో అప్పుడు కూడా చప్పుడు చేయనివాడు ఆయన ఒక్కడే.

హారన్లు ఆగాయి. కానీ చాలా సేపటిదాకా పక్షులు కిందికి రాలేదు. నేను అమ్మాయిల్ని బస్సెక్కించి తీసుకొచ్చేశాను. పెద్దాయన నీళ్ళలోంచి బయటికి వచ్చేదాకా ఉండలేదు.

మరునాడు డ్రైవరు ఆఫీసుకు వచ్చి తాళాలు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ అంబత్తూరు ఫ్యాక్టరీ బస్సుకే పోతున్నానని చెప్పాడు. మెట్ల దాకా వెంట వెళ్ళి, "నా మీద కోపమా అన్నా?" అని అడిగాను.

"నీ మీద కాదు చెల్లెమ్మా. నువ్వు మొదటి తూరి నొక్కిన దినమే ఆ హారన్ వైరు పీకేసి ఉండాల్సింది నేను. పీకలేదు. నేనూ చూస్తా ఉండిపోతిని."

ఆ తరువాతి చలికాలం చెరువు నిండింది. పక్షులు వచ్చాయట, రెండు రోజులు పైన తిరిగాయట, వాలకుండా పోయాయట. రెండు ఆదివారాలు ఖాళీ చెట్లు చూసి జనం తిట్టుకున్నాక మా యజమాని ఆ టూరు ఎత్తేశాడు. నేను ఎత్తేయమని చెప్పబోతున్నాను. చెప్పే లోపలే ఆయన, "ఆ స్పాటు అయిపోయిందిలేమ్మా, ఇంకోటి ఎక్కడన్నా చూడు," అన్నాడు. నా పశ్చాత్తాపానికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఉద్యోగం మాత్రం నేను మానలేదు. ఇల్లు గడవాలి, వేరే పని రాదు. పనిచేసే తీరు కొంత మార్చుకున్నాను. ఏ చిన్న ఊరికి వెళ్ళినా ముందు అక్కడి మనుషుల్ని అడిగేదాన్ని: ఎంతమంది రావచ్చు, ఏ వేళప్పుడు, ఏ నెలలో అసలు రాకూడదు అని. ఒక బస్సుకు మించి వద్దని యజమానితో గొడవపడేదాన్ని. సెలవు రోజుల్లో కాకుండా మామూలు రోజుల్లో పొమ్మని, తెచ్చుకున్నది తిరిగి తీసుకుపొమ్మని జనానికి చెప్పేదాన్ని. మైకమ్మకు, అంటే నాకు, చాదస్తం పట్టుకుందని మా ఆఫీసులో అనుకునేవారు. కొందరు చీటీల్లో రాసేవారు కూడా. బస్సులో ఉన్నవాడికి అది ఒక్క ఆదివారమే. ఆ ఊరికి ప్రతి ఆదివారమూ ఆదివారమే. ఈ సంగతి నేను వందల బస్సుల్లో చెప్పాను. అది నాకు ఎలా తెలిసిందో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

అలా చెప్పడం మొదలుపెట్టకముందు నేను ఒకసారి ఆ ఊరికి వెళ్ళి వచ్చాను. పక్షులు రాని ఏడాది గడిచాక, తరువాతి దీపావళి మరునాడు, ఒక్కదాన్నే, టౌన్ బస్సు పట్టుకుని. మెయిన్ రోడ్డులో దిగి, నడిచి కట్ట దగ్గరికి వచ్చేసరికి టపాకాయల మోత. ఊరి మధ్యలో వీధంతా ఎర్ర కాగితం ముక్కలు. పెద్దాయన తన ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, ఇంట్లోకి కేకేసి మంచినీళ్ళు తెప్పించాడు.

"ఈ ఊళ్ళో ఎప్పుడూ కాల్చిందే లేదమ్మణ్ణీ," అన్నాడు. "దీపావళికి అవి వచ్చే కాలం గదా, బెదురుతాయని మా నాయన కాల్చనీలా, నేను నా బిడ్డల్ని కాల్చనీలా. పక్కూళ్ళ మోత వింటా ఉంటిమి. ఈ యేడు పిల్లకాయలు అడిగినారు. ఇంకెవరి కోసరం వద్దనేది? కాల్చుకోండి అంటిని."

అప్పుడు చెప్పాను. ఆ మొదటిసారి హారన్ పొరపాటున మోగలేదని, నేనే నొక్కానని, చివరిసారీ నేనేనని. ఆయన ఎదురింటి ముందు ఒక టపాకాయల సరం అంటుకుని పేలి ఆగేదాకా ఆగాడు.

"తెలుసు," అన్నాడు. "నీ బండి హారన్ సద్దు నాకు తెలీదా? ఆ మొదటి దినమే తెలుసు. నువ్వే వచ్చి చెప్తావని చూస్తా ఉంటిని. మూడేండ్లు పట్టె నీకు."

క్షమించాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఎండ వాలాక నాతో పాటు మెయిన్ రోడ్డు దాకా నడిచి వచ్చాడు. ఆ మలుపు దగ్గర మా కంపెనీ నాటించిన రేకు బోర్డు ఇంకా ఉంది. ఎగురుతున్న రెండు కొంగల బొమ్మలు, కింద ఒక బాణం గుర్తు, "పక్షుల లోకానికి దారి." మాటలు నావే. నేను దాని కర్ర పట్టుకుని ఊపాను. కదల్లేదు. ఆయన కాసేపు నన్ను చూసి, రాయి ఒకటి తెచ్చి కర్ర మొదట్లో మట్టి తవ్వాడు. ఇద్దరం కలిసి పీకాం. అప్పటికే ఆ దారి అందరికీ తెలుసు, ఆ దారిన వచ్చేవాళ్ళూ లేరు. అయినా పీకాం.

నా బస్సు రావడం కనిపించింది. ఆయన రేకును వేళ్ళతో తట్టి చూశాడు.

"మంచి రేకమ్మణ్ణీ. కోళ్ళగూడు కారతా ఉండాది, దానికి కప్పుకుంటా," అని, దాన్ని తలకెత్తుకుని కట్ట వైపు నడిచాడు.